వైజాగ్ ఉక్కపోతలో గ్రాప్లింగ్: ఏ రాష్‌గార్డ్ కొనాలి?

మా గ్రాప్లింగ్ (కుస్తీలా పట్లు పట్టే ఆట) క్లాసులో కొత్తగా చేరినవాళ్ళంతా రెండో వారంలో ఒకే మాట అడుగుతారు. "అన్నా, రాష్‌గార్డ్ ఏది కొనమంటారు?" రాష్‌గార్డ్ అంటే ఒంటికి అతుక్కుని ఉండే సాగే టాప్. మొదటి వారంలో ఎవరూ అడగరు. ఇంట్లో ఉన్న కాటన్ టీషర్ట్ వేసుకుని వస్తారు. పది నిమిషాల్లో అది చెమటకి తడిసి ఒంటి మీద వేలాడుతుంది. అవతలివాడి కాలివేళ్ళు అందులో చిక్కుకుంటాయి. మోచేతులు మ్యాట్‌కి రాసుకుని తోలు లేస్తుంది. ఆ రాత్రి స్నానంలో సబ్బు తగిలి చుర్రుమన్నాక జ్ఞానోదయం అవుతుంది.

నేను నో-గీ గ్రాప్లింగ్, అంటే గీ (జూడోవాళ్ళు వేసుకునేలాంటి దళసరి యూనిఫాం) లేకుండా చేసేది, మొదలుపెట్టి ఐదేళ్ళు దాటింది. ఇప్పటివరకు కొన్న రాష్‌గార్డులు తొమ్మిది, వాటిలో నాలుగు డబ్బు దండగ. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలన్నీ చదివే కొన్నాను. ఇబ్బందేమిటంటే ఆ సలహాలు రాసినవాళ్ళలో చాలామందికి బట్ట ఆరడం ఒక సమస్యే కాదు. మనది సముద్రం పక్క ఊరు. గాలిలో తేమ 70 శాతం పైన ఉండే రోజులే ఎక్కువ. రాత్రి తొమ్మిదింటికి ఉతికి బాల్కనీలో వేసింది పొద్దున ఆరింటి క్లాసుకి ఆరుతుందా? విశాఖలో ముందు అడగాల్సింది ఇదే. బ్రాండ్ గురించి తర్వాత మాట్లాడుకుందాం.

తిరగేసి చూడండి

రాష్‌గార్డ్ చేతికి రాగానే పులి బొమ్మా పుర్రె బొమ్మా చూసి మురిసిపోవద్దు. తిరగేసి లోపలి కుట్లు చూడండి. నా లెక్కలో ధరలో సగం విలువ అక్కడే ఉంటుంది.

కుట్లు రెండు రకాలుగా కనిపిస్తాయి. ఒకటి ఫ్లాట్‌లాక్. రెండు ముక్కల అంచులు చదునుగా కలిసిపోయి, వాటి మీద దారాలు దగ్గర దగ్గరగా నిచ్చెన మెట్లలా అల్లుకుని ఉంటాయి. కళ్ళు మూసుకుని వేలితో రాస్తే ఎత్తు పెద్దగా తగలదు. రెండోది ఓవర్‌లాక్, మామూలు టీషర్టులకి ఉండేది. అంచు లోపలివైపు చిన్న గట్టులా నిలబడి ఉంటుంది. ఆఫీసుకి వేసుకెళ్ళే బట్టకి అది ఏ ఇబ్బందీ పెట్టదు. కానీ మీ మీద డెబ్భై ఐదు కిలోల మనిషి కూర్చుని, మీరు కింద నుంచి తప్పించుకోవడానికి ఇటూ అటూ పొర్లుతున్నప్పుడు ఆ గట్టు చర్మం మీద ఆకురాయిలా పనిచేస్తుంది.

నా మొదటి రాష్‌గార్డ్ ఓవర్‌లాక్‌దే. ఆన్‌లైన్‌లో 499 రూపాయలకి వచ్చింది, ఛాతీ మీద పెద్ద డ్రాగన్. క్లాసయ్యాక చూసుకుంటే చంక నుంచి నడుం దాకా ఎర్రటి గీత, గోరుతో గీసినట్టు. ఆ రోజు స్కూటర్ మీద బీచ్ రోడ్డులో ఇంటికి వెళ్తుంటే ఉప్పుగాలి తగిలి ఆర్కే బీచ్ నుంచి లాసన్స్ బే దాకా పళ్ళు బిగబట్టుకునే ఉన్నాను. మూడో క్లాసులో డ్రాగన్ తోక ఊడి నా పార్ట్‌నర్ చెంపకి అంటుకుంది. ఐదో క్లాసుకి చంకలో చిరుగు.

చంకలోనే చిరగడం యాదృచ్ఛికం కాదు. చేతి కుట్టూ పక్క కుట్టూ అన్నీ ఒకే చుక్క దగ్గర కలిస్తే లాగుడంతా ఆ చుక్క మీద పడుతుంది. శ్రద్ధగా కుట్టినవాటిలో చంక కింద విడిగా ఒక ముక్క అతికిస్తారు, లేదా చేతిని మెడ దాకా ఏటవాలుగా కత్తిరిస్తారు. ఏటవాలు కత్తిరింపుని రాగ్లాన్ అంటారు. భుజం మీద కుట్టు ఉండదు కాబట్టి భుజాల మీద ఒరుసుకోదు.

బట్ట, బరువు

లేబుల్ మీద రెండు పేర్లుంటాయి. పాలిస్టర్ గానీ నైలాన్ గానీ ఒకటి, దానితో స్పాండెక్స్. స్పాండెక్స్‌నే ఎలాస్టేన్ అని కూడా రాస్తారు, లైక్రా అన్నది దాని బ్రాండ్ పేరు. 1958లో డ్యూపాంట్ కంపెనీలో తయారైన సాగే నూలు ఇది. రాష్‌గార్డులో ఇది 15 నుంచి 20 శాతం ఉంటే బట్ట సాగి మళ్ళీ తన కొలతకి వస్తుంది. ఐదారు శాతమే ఉంటే రెండు నెలల్లో మెడ, మణికట్టు వదులైపోతాయి. లేబుల్ మీద శాతాలు రాయనిది అసలు కొనవద్దు.

పాలిస్టరా, నైలానా? నూలు తనలోకి గాలి తేమని ఎంత పీల్చుకుంటుందో చెప్పే లెక్క ఒకటుంది. కాటన్ తన బరువులో సుమారు 8 శాతం, నైలాన్ 4 శాతం, పాలిస్టర్ అర శాతం లోపు. అందుకే పాలిస్టర్ తొందరగా ఆరుతుంది. నైలాన్ ఒంటికి మెత్తగా ఉంటుంది, రాపిడికి బాగా తట్టుకుంటుంది. వాసన విషయంలో మాత్రం కథ తిరగబడుతుంది. పాలిస్టర్ చెమటలోని జిడ్డుని పట్టుకుని వదలదు. ఉతికి ఆరేసినప్పుడు బాగానే ఉంటుంది, ఒళ్ళు వేడెక్కగానే పాత వాసన మళ్ళీ లేస్తుంది. వారానికి నాలుగు రోజులు చేసేవాళ్ళకి మన ఊళ్ళో పాలిస్టరే మేలంటాను. వాసనని ఉతుకుడుతో దారికి తెచ్చుకోవచ్చు గానీ గాలిలో తేమని మనం తగ్గించలేం. వారానికి రెండు రోజులే వచ్చేవాళ్ళకి, చర్మం సున్నితమైనవాళ్ళకి నైలాన్ బాగుంటుంది.

మందాన్ని జీఎస్‌ఎంలో చెబుతారు, అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు అని. 180 నుంచి 200 దాకా పల్చనివి, 240 దాటితే దళసరివి. దళసరిది ఎక్కువకాలం మన్నుతుంది, కానీ మే నెలలో ఏసీ లేని హాల్లో వేసుకుంటే ఇడ్లీ కుక్కర్లో కూర్చున్నట్టే. నాకు 200, 220 మధ్యవి కుదిరాయి.

ప్రింట్, సైజు

బొమ్మ సబ్లిమేషన్ పద్ధతిలో వేసిందైతే రంగు వేడికి ఆవిరై పాలిస్టర్ నూలు లోపలికి వెళ్ళిపోతుంది. గోటితో గీకినా ఏమీ తగలదు, పెచ్చులు ఊడదు. పైన అతికించిన ప్రింట్ అయితే గోటికి అంచు తెలుస్తుంది. అది నా డ్రాగన్ జాతి. బట్టని రెండు చేతులతో లాగి కూడా చూడండి. నల్ల రంగు కొంచెం బూడిదగా మారితే పర్లేదు, సబ్లిమేషన్ తెల్ల బట్ట మీద చేస్తారు కాబట్టి అది సహజం. తెల్లగా జల్లెడలా కనిపిస్తే బట్ట పల్చన.

సైజుకి మీ టీషర్ట్ సైజు లెక్కలోకి రాదు. టేపుతో చంకల కింద ఛాతీ కొలిచి, ఆ అమ్మేవాళ్ళ చార్టుతో సరిచూసుకోండి. వేసుకున్నాక రెండు చేతులూ పైకెత్తండి. అంచు బొడ్డు పైకి పోతే పొట్టి. పక్కన బట్టని చిటికెతో పట్టుకుంటే గుప్పెడు వస్తే వదులు, దాంట్లో వేళ్ళు చిక్కుకుంటాయి. భుజాలు ముందుకు ముడిచినప్పుడు ఊపిరి పట్టేస్తే బిగువు. నడుం దగ్గర లోపలివైపు రబ్బరు చుక్కల పట్టీ ఉంటే బట్ట పైకి జారకుండా కొంత ఆపుతుంది, లేకపోయినా కొంపలేమీ మునగవు.

చెమటలో తడిసిన రాష్‌గార్డ్ విప్పడం ఒక విద్య. మొదటిసారి నా అవస్థ చూసి మా అమ్మ, "బట్ట విప్పుతున్నావేట్రా, పాము కుబుసం విడుస్తోందేటి?" అంది. చేతులు రెండూ అడ్డంగా వేసి కింది అంచు పట్టుకుని తిరగేస్తూ పైకి లాగాలి. మెడ పట్టుకుని లాగితే మెడ సాగిపోతుంది.

ఇప్పుడు రకాలు

ధరలు నేను ఈమధ్య చూసినవాటిని బట్టి సుమారుగా వేసినవి.

| రకం | ధర (రూ.) | కుట్టు | ఆరడం | మన్నిక |
|---|---|---|---|---|
| జిమ్ కంప్రెషన్ టాప్ | 400–800 | ఎక్కువగా ఓవర్‌లాక్ | చాలా త్వరగా | నెలల్లోనే పోతుంది |
| ఈత, సర్ఫింగ్ టాప్ | 700–1,500 | చదును కుట్టే ఎక్కువ | త్వరగా | మధ్యస్థం |
| మన దేశంలో చేసిన గ్రాప్లింగ్ రాష్‌గార్డ్ | 1,200–2,500 | ఫ్లాట్‌లాక్, కానీ చూసి కొనాలి | ఒక రాత్రి | రెండేళ్ళ దాకా |
| విదేశీ బ్రాండ్ | 4,000 పైన | ఫ్లాట్‌లాక్ | దళసరిదైతే ఆలస్యం | మూడేళ్ళు పైగా |
| టీమ్ అంతా కలిసి కుట్టించుకునేది | 900–1,600 | ఆర్డర్‌లో రాయించాలి | బట్టని బట్టి | బట్టని బట్టి |

జిమ్ కంప్రెషన్ టాప్ గురించి చెప్పేది తక్కువ. బరువులెత్తేవాళ్ళ కోసం చేసింది. నిలబడి చేసే బాక్సింగ్, కిక్‌బాక్సింగ్ క్లాసుకి సరిపోతుంది. కుస్తీ పట్లకి పనికిరాదు.

ఈత, సర్ఫింగ్ టాప్‌ని చాలామంది చిన్నచూపు చూస్తారు, నేను చూడను. అసలు రాష్‌గార్డ్ పుట్టిందే సర్ఫింగ్ వాళ్ళ కోసం. మైనం పూసిన బోర్డు మీద పొట్ట రాసుకుని దద్దుర్లు రాకుండా వేసుకునేవారు, రాష్‌గార్డ్ అన్న పేరూ అలా వచ్చిందే. రుషికొండలో అలల మీదికి వెళ్ళే కుర్రాళ్ళు వేసుకునేది ఇదే. దీన్ని ఎండ, ఉప్పునీళ్ళు తట్టుకునేలా చేస్తారు. ఎండ నుంచి రక్షణకి యూపీఎఫ్ 50 అని రాసి ఉంటే అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతే లోపలికి వెళ్తుందని అర్థం. హాల్లో మనకి ఆ అవసరం లేదు. దీనిలో లోపం, పట్టుకుని లాగే మనిషిని ఊహించి కుట్టింది కాదు. చాలా మోడళ్ళు కాస్త వదులు కూడా. బిగువుగా ఉండేది వెతికి తీసుకుంటే మొదటి ఆరు నెలలు నిశ్చింతగా గడిచిపోతాయి. ఊళ్ళో స్పోర్ట్స్ షాపుకి వెళ్ళి వేసుకుని చూసి కొనగలగడం ఇంకో లాభం. మిగతావి దాదాపుగా ఆన్‌లైన్ బేరాలే.

మన దేశంలో చేసిన గ్రాప్లింగ్ రాష్‌గార్డుల మీద నా అభిప్రాయం ఐదేళ్ళలో పూర్తిగా మారింది. మొదట్లో చులకనగా ఉండేది. ఇప్పుడు నా అలమారలో ఉన్న నాలుగింట్లో మూడు ఇవే. వీటితో చిక్కు ఏమిటంటే ఒకే కంపెనీలో ఒక విడత బాగుంటుంది, మరో విడత తేడా కొడుతుంది. నేను ఒకే సైజు, ఒకే మోడల్ రెండుసార్లు తెప్పిస్తే రెండోదాని చేతులు అంగుళం పొట్టిగా వచ్చాయి. కాబట్టి వాపసు తీసుకునేవాళ్ళ దగ్గరే కొనండి, ట్యాగ్ తెంపకముందే మోచేతులు వంచి, గొంతుక్కూర్చుని, చేతులెత్తి చూసుకోండి.

విదేశీ బ్రాండ్లు బాగుంటాయి. వీనమ్, హయబుసా, టాటామీ లాంటివి పేరున్నవే. నా దగ్గర ఒకటుంది, నాలుగేళ్ళయినా చెక్కు చెదరలేదు. కానీ బయటి నుంచి తెప్పిస్తే పన్ను, కొరియర్ కలిసి తడిసి మోపెడవుతుంది, సైజు కుదరకపోతే వెనక్కి పంపడం తలనొప్పి. పైగా నాది దళసరి బట్ట. అక్టోబర్, నవంబర్ ముసురులో ఉతికితే రెండు పగళ్ళు పడుతుంది. ఐదు వేలు పెట్టి ఒకటి కొనేకంటే పదిహేను వందలవి రెండు కొని మార్చి మార్చి వాడండి. తడిది ఆరకముందే వేసుకునే పరిస్థితి రాకూడదు, అది ఎన్ని వేలదైనా సరే.

టీమ్ ఆర్డర్ గురించి ఒక హెచ్చరిక. పాతిక ముప్పై మంది కలిస్తే తిరుప్పూర్ వైపు నుంచో జలంధర్, మీరట్ వైపు నుంచో కుట్టి పంపేవాళ్ళు దొరుకుతారు, చవకగా పడుతుంది. మేమూ చేయించాం. మాట్లాడుకున్నప్పుడు అందరం లోగో ఎక్కడ, పేరు ఎక్కడ అని రెండు వారాలు వాట్సాప్‌లో కొట్టుకున్నాం. బట్ట ఎంత జీఎస్‌ఎం, కుట్టు ఏ రకం అని ఒక్కరూ అడగలేదు. వచ్చినవి చూస్తే లోగో అద్భుతం, లోపల ఓవర్‌లాక్. ముందు ఒక్క నమూనా తెప్పించుకుని, దాన్ని ఒక వారం రోజులు మీలో గట్టిగా పట్టేవాడికి ఇచ్చి చూడండి. డబ్బు ఆ తర్వాతే.

ఎవరికి ఏది

పోటీలకి వెళ్ళే ఉద్దేశం ఉంటే రంగు చూసుకోవాలి. ఐబీజేజేఎఫ్ (బ్రెజిలియన్ జిజిట్సు పోటీలు నడిపే అంతర్జాతీయ సంస్థ) నియమాల ప్రకారం నో-గీలో రాష్‌గార్డ్ నలుపో తెలుపో రెండూ కలిసిందో అయి, మీ బెల్ట్ రంగు, అంటే మీ స్థాయి రంగు, కనీసం 10 శాతం ఉండాలి. పూర్తిగా బెల్ట్ రంగుదైనా ఒప్పుకుంటారు. ఒంటికి అతుక్కుని, షార్ట్స్ నడుం పట్టీ దాకా కప్పాలి. ఇక్కడో ఖర్చు కిటుకు ఉంది. వైట్ బెల్ట్‌లో ఉండగా బెల్ట్ రంగు రాష్‌గార్డ్ మీద ఎక్కువ పెట్టొద్దు, తర్వాతి బెల్ట్ బ్లూ రాగానే పోటీకి అది చెల్లదు. పర్పుల్, బ్రౌన్ దగ్గర ఏళ్ళ తరబడి ఉండిపోతారు కాబట్టి అప్పుడు మంచిది కొనుక్కోండి. మామూలు ప్రాక్టీసుకి ఏ రంగైనా ఒకటే, మీ కోచ్ గారికి పట్టింపు లేకపోతే.

ఆడపిల్లలకి లేత రంగులు వద్దంటాను. తడిస్తే లోపలిది కనిపిస్తుంది, ఆ టెన్షన్‌తో ప్రాక్టీస్ చేయలేరు. ముదురు రంగు, 220 పైన బట్ట, కింది అంచు పొడుగ్గా ఉన్నది చూడండి. మా క్లాసులో ఒక చెల్లి ఆడవాళ్ళ కట్ నప్పక మగవాళ్ళ స్మాల్ సైజు వాడుతోంది, పొడవు కోసం. గీ వేసుకుని పోటీ చేసే ఆడవాళ్ళకి లోపల సాగే టాప్ ఐబీజేజేఎఫ్‌లో తప్పనిసరి కూడా.

పిల్లలకి వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందని రెండు సైజులు పెద్దది కొనే అలవాటు మనందరి ఇళ్ళలో ఉన్నదే. యూనిఫాంకి చెల్లుతుంది, దీనికి కాదు. వదులు చేతిలో ఇంకో పిల్లవాడి వేలు చిక్కుకుంటే మెలిపడుతుంది. ఈతది, సరిగ్గా సరిపోయేది ఒకటి కొంటే చాలు.

పొడుగు చేతులా, పొట్టివా అన్నదానికి వేడి చూసి పొట్టివైపు మొగ్గుతారు. నేనూ మొగ్గాను. కానీ మోచేతులు రోజూ మ్యాట్‌కి రాసుకునేది మొదటి ఏడాదే, ఎందుకంటే ఆ ఏడాదంతా మనం కిందే ఉంటాం. అప్పుడు పొడుగు చేతులు కొనండి. పైన ఉండడం నేర్చుకున్నాక పొట్టివి. గీ లోపల వేసుకోవడానికైతే పల్చటి పొట్టి చేతులదే.

కుస్తీ పోటీలో సింగ్లెట్ (పైనా కిందా ఒకే ముక్కగా ఉండే బిగువు బట్ట), జూడోలో ఆడవాళ్ళకి గీ లోపల తెల్ల టీషర్ట్. వాళ్ళకి రాష్‌గార్డ్ ప్రాక్టీసు వరకే. మన పాత గోదాల్లో లంగోటాతోనే సరిపెట్టారు కదా అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి గారి వీరఘట్టం పక్కనే పుట్టిన మనిషి, అడిగే హక్కుంది. మట్టి గోదా వేరు, చెమట పట్టిన వినైల్ మ్యాట్ వేరు అని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు.

ఇంకో మాట, రాష్‌గార్డ్ వేసుకుంటే తామర రాదని ఎవరైనా చెబితే నమ్మొద్దు. చర్మం గీసుకుపోవడం తగ్గుతుంది, అవతలివాళ్ళ చర్మంతో తాకిడి తగ్గుతుంది, అంతవరకే. గుండ్రటి దురద మచ్చ కనిపిస్తే మ్యాట్ ఎక్కకండి. మందుల షాపులో స్టెరాయిడ్ కలిసిన ట్యూబు కొని రాసుకోవద్దు, పైకి తగ్గినట్టు కనిపించి లోపల ముదురుతుంది. చర్మ డాక్టర్‌కి చూపించండి.

ఉతకడం

రాష్‌గార్డులు చిరగడం వల్ల పోయేవాటికంటే స్కూటర్ డిక్కీలో పోయేవే ఎక్కువ. క్లాసవగానే ప్లాస్టిక్ కవర్లో కుక్కి, డిక్కీలో పడేసి, టిఫిన్ తిని, ఆఫీసుకెళ్ళి, సాయంత్రం గుర్తొస్తుంది. ఆ వేడికి, ఆ తేమకి లోపల ఏం పెరుగుతుందో ఆ కవరు విప్పినప్పుడు ముక్కే చెబుతుంది. ఇంటికి చేరగానే చన్నీళ్ళలో జాడించడం కుదరకపోతే కనీసం కవర్లోంచి తీసి దండెం మీద వేయండి.

తిరగేసి, చల్లటి నీళ్ళు, మామూలు సర్ఫు. వాసన మొండికేస్తే బకెట్ నీళ్ళలో అరకప్పు తెల్ల వెనిగర్ వేసి అరగంట నానబెట్టి తర్వాత ఉతకండి. సువాసన కోసం వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు, నూలు మీద పొరలా పట్టి వాసనని ఇంకా బిగించేస్తుంది. బ్లీచింగ్, వేడినీళ్ళు, ఇస్త్రీ స్పాండెక్స్‌ని చంపేస్తాయి. డాబా మీద మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా వేయకండి, నీడలో గాలి తగిలేచోట చాలు. ముసురు రోజుల్లో పొడి తువ్వాలులో చుట్టి గట్టిగా నొక్కి, ఫ్యాన్ కింద వేస్తే 200 జీఎస్‌ఎంది తెల్లారేసరికి ఆరుతుంది. ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) గ్లవ్స్ ఉన్న బ్యాగులో కలిపి పెట్టకండి, వెల్క్రో పట్టుకుని నూలు లేపేస్తుంది.

ఎప్పుడు పారేయాలన్నది ట్యూబులైటు చెబుతుంది. చంక భాగాన్ని లైటుకి ఎదురుగా పట్టుకుని కొంచెం లాగండి. కుట్టు పక్కన వెలుతురు చుక్కలుగా కారుతుంటే అది ఇంకో నెల. పాత టీషర్టుల్లా బండి తుడవడానికి దాచుకుందామనుకుంటారేమో, నేనూ అనుకున్నాను. పాలిస్టర్ కదా, నీళ్ళు పీల్చదు.